ఎదురువాగు బ్రిడ్జి కాడి బండ

ఆ బండ సంగతి అడగనీకి వచ్చినవా? సర్పంచ్ లచ్చు పంపిండా? పంపుతడు, ఎందుకు పంపడు. తన నోటితోటి ఊరికి చెప్పే దమ్ము లేదు గదా. కూసో. అటు కాదు, ఆ మంచం పట్టె ఇరిగింది, ఇటు జరుగు. దుర్గేశ్ అంటివి గదా పేరు? కిరండూల్ గనుల కాడ పుట్టి పెరిగినవంట, అందుకే తెలుగు మంచిగ వస్తంది. మా మనవళ్ళకు రాదు, వాళ్ళు నాతోటి గూడ హిందీల్నే మాట్లాడుతరు, నేను తెలుగుల తిడతా, వాళ్ళు హిందీల నవ్వుతరు. సరే. పొద్దుగాల నీ మనుషులు ఆ బండ మీద ఎర్ర రంగు గుర్తు ఏసిండ్రు, నేను చూసిన. కొత్త బ్రిడ్జి రోడ్డు సరిగ్గ దాని మీది నుంచే పోతదంట గదా. ఊరోళ్ళేమో మా దేవుడి బండ, కదిలిస్తే ఊకోం అంటుండ్రు. అప్పుడు లచ్చు నీతోటి ఏమన్నడో నేను జెప్తా ఇను. "సాబ్, మా ఊర్ల భూషణం అని ఒక ముసలోడు ఉన్నడు. అది దేవుడు గాదు, సర్కారు బండ అని నాకు మీసాలు రానప్పటి నుంచి కొట్లాడుతుండు. వాణ్ణి పంచాయితీల నిలబెడితే నీ పని అయిపోతది." గట్లనే అన్నడా లేదా? నవ్వుతున్నవు, అంటే అన్నడు. చూసినవా, ఇన్నేండ్లకు నా మాట కావాల్సొచ్చింది వాళ్ళకు. వాళ్ళ నాయన నా మాట మీద ఇగిలించిన రోజు లచ్చు వాళ్ళమ్మ నడుము మీద ఉన్నడు. నాకు యాది ఉంది. నేను మర్చిపోయేటోణ్ణి గాదు.

చెప్తా. పంచాయితీల ఏమంటనో తర్వాత, ముందు ఆ బండ ఎట్లయిందో ఇను. దానికి ఉప్పలమ్మ సంగతి జెప్పాలె. ఉప్పలమ్మ అంటే మా వదిన. మా అన్న దేముడి పెండ్లాం. మా అన్న చింతపండు లారీల మీద హమాలీ పని చేసేటోడు. నేను ఎడ్లబండి తోలేటోణ్ణి. ఇద్దరం బరువు మోసి బతికినోళ్ళమే గానీ నాకూ ఆ లారీలోళ్ళకూ ఒక తేడా ఉండె. నా బండి ఇరుసు ఎంత మోస్తదో నాకెరుక, అంతకు మించి ఒక్క బస్తా ఎక్కియ్యనిస్తుంటినా? లేదు. షావుకార్లు తిట్టేటోళ్ళు, "ఏం రా భూషణం, నీ ఎడ్లు పెండ్లికొడుకులా, అంత ముద్దు చేస్తున్నవు" అని. అననీ. ఇరుసు ఇరిగితే చేపించుకునేది ఎవరు, నేనే గదా. లారీ సేట్‌కు ఆ బాధ లేదు. లారీ మోసేదానికి రెండింతలు ఎత్తిచ్చి, ఆ పైన మళ్ళ మనుషుల్ని కూసోబెట్టేటోడు. మా అన్న గట్లనే బస్తాల మీద కూసోని పోతున్నడు. ఎదురువాగు బ్రిడ్జి నువ్వు చూడలే, అది ఇరిగినంక ఈ దిక్కు వచ్చినోనివి. సన్నది. ఒక బండి పోతే ఇంకో బండి ఆగాలె. బ్రిడ్జి మూతి కాడ రోడ్డు లారీలు తొక్కి తొక్కి కుంగిపోయి, బ్రిడ్జి అంచు గట్టు లెక్క లేచింది. లారీ ఆ గట్టు మీద ఎగిరింది, మా అన్న కింద పడ్డడు. బ్రిడ్జి పక్క గోడ మీద పడ్డడు. ఇంకేం జెప్పాలె. లారీ ఆగలేదు. ఎనక వచ్చే బస్సోళ్ళు చూసి మాకు జెప్పిండ్రు.

మేం దోర్లోళ్ళం, ఆదివాసులం. మా జాతిల పోయినోళ్ళకు రాయి నిలబెడతం, నీకు ఈ సడక్ పొడుగునా కనపడతనే ఉంటయి. మా అన్నకు వాడు పడ్డ కాడనే, బ్రిడ్జి మూతి పక్కకు నిలబెట్టినం. వాగుల నుంచి నేనే ఏరి తెచ్చిన రాయి. పెద్దదేం గాదు. దాని పక్కకు నాలుగడుగుల దూరంల సర్కారోళ్ళది ఇంకో బండ ఉండె. సిమెంటుది, సాపుగ, తెల్ల సున్నం కొట్టి, దాని మీద హిందీల ఏందో రాసి కింద అంకె ఏసిండ్రు. ఈ బ్రిడ్జి ఇంత బరువే మోస్తది, ఇంతకు మించి పోవద్దు అని. నాకు అక్షరాలు రావు గానీ అంకెలు వస్తయి, చింతపండు కాంటా కాడ నేర్చుకున్న. షావుకారు నన్ను మోసం జెయ్యొద్దని నేర్చుకున్న. ఊర్ల ఇంకెవరికీ రావు అప్పుడు. గది యాది పెట్టుకో.

ఇంకో మాట. మా జాతిల అన్న పోతే వదినను మరిది చేసుకోవచ్చు. తప్పు గాదు, ఎవరూ ఏమనరు. పెద్దలు నన్ను అడిగిండ్రు. నేను సరే అన్న. నాకేం, అప్పటికి పెండ్లి గాలే, చెయ్యి గట్టిగుంది, రెండెడ్లున్నయి. ఆమెను అడిగిండ్రు. ఆమె, "కొత్తల పండుగ దాక ఆగుండ్రి, కొత్త బియ్యం నా మనిషికి పెట్టినంక జెప్తా" అన్నది. సరే, ఆగినం. ఎందుకు నవ్వుతవు? ముసలోళ్ళు ముసలోళ్ళు లెక్కనే పుడతరనుకున్నవా?

ఆ ఏడు వానలు జూడు, శబరి ఏరు ఎనకకు తన్నింది, ఎదురువాగు బ్రిడ్జి మీది నుంచి పారింది. నీళ్ళు తీసినంక కొత్తల పండుగ వచ్చింది. కొత్త బియ్యం, కోడిపిల్ల, పసుపు పట్టుకుని అందరం బ్రిడ్జి కాడికి పోయినం. చూస్తే అంతా బురద. ఏది యాడుందో తెల్వదు. మా వడ్డె, అంటే మాకు పూజ చేసే పెద్దమనిషి, ముయె అని ఉండె. కండ్లు సరిగ్గ కనపడవు, కనపడవని ఒప్పుకోడు. బురదల తడుముకుంట తడుముకుంట పోయి ఒక బండ పట్టుకున్నడు. "ఇగో! ఇగో దేముడు! ఏరు అంత జోరుగ వచ్చినా కదల్లేదు, నిలబడ్డ కాడనే నిలబడ్డడు!" అని కేకలు. కోడి కోసిండు, నెత్తురు పోసిండు, పసుపు రాసిండు. అది సర్కారు బండ! మా అన్న రాయి కొట్టుకపోయింది, సిమెంటుది లోతు పాతిండ్రు గాబట్టి నిలబడ్డది. నేను ముందటికి పోయి అన్న, "ముయె మామా, ఇది మనది గాదు, దీని మీద రాసి ఉంది" అని. అప్పుడు లచ్చు వాళ్ళ నాయన ఏమన్నడో తెలుసా? "రాసుంటే ఏంది? రోడ్డు మీద పోయిన మనిషి గదా, సర్కారోళ్ళే వాని పేరు రాసిండ్రు" అన్నడు. అందరూ నిజమే నిజమే అన్నరు. చదువు రానోళ్ళు గదా, అక్షరం కనపడితే ఎవరిదో పేరే అయ్యుంటదనుకునేటోళ్ళు. ఉప్పలమ్మ పోయి ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టింది. ఇట్ల, మెల్లగ. "ఇది మీ అన్న పేరా మరిదీ" అని నన్నే అడిగింది. నేను, "గాదు వదినా, బరువు లెక్క" అన్న. ఆమె మొఖం మారింది. అందరి ముంగట, ఒక్కరు గాదు ఇద్దరు గాదు, ఊరంతటి ముంగట అన్నది, "నా మనిషి ఏరుకే కదల్లేదు, నన్ను కదులుమంటవా? బండను చూసి గూడ కుళ్ళుతున్నవా మరిదీ" అని. ఇగ నవ్వుడే నవ్వుడు. లచ్చు వాళ్ళ నాయన ఇగిలింపు నాకిప్పటికీ ఇనపడతది. పెద్దలు మళ్ళ నన్ను అడగలే, ఆమెను అడగలే. నేను తర్వాత వేరే పిల్లను చేసుకున్న. మంచిది, నాతోటి బతికి పోయింది, దాని సంగతి ఇప్పుడెందుకు.

నేను ఊకున్ననా? ఎండాకాలం వాగు ఎండినంక కిందికి పోయి ఎతికిన. ఇసుకల బోర్లపడి ఉంది మా అన్న రాయి. ఒక్కణ్ణే బండి కట్టుకపోయి, గుంజి, తెచ్చి, నా కొట్టం ఎనక నిలబెట్టిన. ఇప్పటికీ ఉంది, పోయి చూసుకో. ఆమెకు కబురు పంపిన, నీ మొగుని రాయి నా ఇంటికాడ ఉంది, వచ్చి చూసుకో అని. "నా మొగుడు బ్రిడ్జి కాడ ఉన్నడు, వాని ఇంటెనక ఏ గుండు ఉంటే నాకేంది" అన్నదంట. సరే పో అన్న. అప్పటి నుంచి మాట బందు.

ఆమె ఆ బండ పక్కకు చిన్న గుడిసె ఏసుకుని చాయ్ హోటల్ పెట్టింది. పొద్దున లేస్తనే బండకు పసుపు, కుంకుమ. ఏడాది తిరిగేసరికి అంకె మునిగిపోయింది, అక్షరం మునిగిపోయింది, పసుపు పెంకు లెక్క కట్టింది. ఇగ డ్రైవర్లు. డ్రైవర్లకు దేవుడు కనపడితే సాలు గదా. ఎవడో ఒకడు ఆగి అగరుబత్తి పెట్టిండు, ఇంకోడు టెంకాయ కొట్టిండు. "అమ్మా, బండి చానా బరువుంది, బ్రిడ్జి దాటిస్తడా మీ దేవుడు?" అని అడిగేటోళ్ళు. ఆమె, "పో నాయనా, ఏరునే ఆపినోడు, నీ లారీని దాటియ్యలేడా" అనేది. చూసినవా ఎట్లుందో? అంతకు మించి పోవద్దు అని పెట్టిన బండకు మొక్కి, అంతకు మించి పోతుండ్రు. ఎక్కువ బరువుకు పోయినోని పెండ్లాం ఎక్కువ బరువును దీవిస్తంది. దీన్ని చూసి నాకు కడుపు మండదా? ఆమె చాయ్ మంచిగుండేదంట, అల్లం దంచి ఏసేదంట. నేను తాగలే. తాగినోళ్ళు జెప్పేటోళ్ళు.

ఊరోళ్ళను ఏమంటం, చదువు లేదు. చదువుకున్నోళ్ళు ఏం జేసిండ్రు? బ్రిడ్జి చూడనీకి ఒక ఇంజినీర్ సాబ్ జీపుల వచ్చిండు. నేను గట్టు మీద నిలబడి చూస్తున్న, ఇప్పుడన్న ఎవడో ఒకడు జెప్తడు, నా మాట నిలబడతది అని. జీపు దిగిండు. బూట్లు ఇడిచిండు. బండకు దండం పెట్టి, బొట్టు పెట్టుకుని, చాయ్ తాగి, బ్రిడ్జిని జీపుల నుంచే చూసుకుంట పోయిండు. వాళ్ళ బండే అది! వాళ్ళ తాతలు పెట్టిచ్చిన బండే! నేను ఎనక పోయి "సాబ్, అది మీదే" అంటే, "హాఁ బాబా, సబ్ కా హై" అన్నడు. అందరిదీనంట.

తర్వాత ఢిల్లీల కూసోని కొత్త హుకుం తీసిండ్రు, లారీలు ఇంక ముంగటి కంటే ఎక్కువ మొయ్యొచ్చని. రేడియోల జెప్పిండ్రు, సేట్లకు పండుగ. కాగితం మీద లారీకి బలం వచ్చింది, బ్రిడ్జికి బలం ఎవడిచ్చిండు? అది మా నాయిన కాలంల కట్టింది, అట్లనే ఉంది. అప్పటికే లారీలు అంతకు మించి మోస్తుండె, ఇప్పుడు దానికి మించి మొయ్యబట్టినయి. పది టైర్లు పోయి పన్నెండు, పన్నెండు పోయి పద్నాలుగు. ఇసుక, ఇనుప మట్టి. లారీలను తూచే కాంటా ఉన్న కాడ రాత్రి పూట పక్క దారి పట్టేటియి. నువ్వు చదువుకున్నోనివి, నీకు తెలుసు, ఒక్క లారీకి బ్రిడ్జి ఇరగదు. ప్రతి లారీ ఇంత కొరుక్కుని పోతది. ఎలుక తట్టను కొరికినట్టు. గడ్డి తీసి చూస్తే తట్ట ఉండదు. సేట్‌కు ఒక ట్రిప్పు డీజిల్ మిగిలింది, ఆ మిగిలింది వాని జేబుల పడ్డది. కొరికింది మాత్రం ఎవరి బ్రిడ్జిని? నా లెక్క బండి తోలేటోనిది, మంచం మీద ఆసుపత్రికి పోయేటోనిది. సేట్ ఇరుసు ఇరిగితే సేట్ చేపించుకుంటడు, బ్రిడ్జి ఇరిగితే దేశం చేపిస్తది. అందుకే ఎత్తిస్తడు. అంతే గదా? తప్పయితే జెప్పు. ఆఁ.

హరిబాబు అని ఒక పిలగాడు ఉండె, భద్రాచలం దిక్కోడు, ఇసుక లారీ డ్రైవర్. ఉప్పలమ్మను అత్తా అత్తా అనేటోడు. ఆమెకు పిల్లల్లేరు. వాడు వస్తే చాయ్‌ల చక్కెర ఎక్కువ, బిస్కట్ ఊకనే. వానాకాలం, పొద్దు మీదికెక్కింది, వాడు వచ్చిండు. లారీ ఎంత బరువుందో టైర్లు చూస్తే తెలుస్తంది, ఉబ్బినయి. టెంకాయ కొట్టిండు. ఒక చిప్ప ఆమెకిచ్చి, ఒక చిప్ప లారీల పెట్టుకున్నడు. "అత్తా, బ్రిడ్జి మొన్న ఊగినట్టు అనిపించింది" అన్నడంట. ఆమె, "మీ మామ ఉన్నడు గదా రా, పో" అన్నదంట. క్లీనర్ బతికిండు, వాడు జెప్పిన మాటలు ఇవి. నడిమిట్లకు పోయినంక బ్రిడ్జి కూసుంది. ఇరిగినట్టు గాదు, ఎద్దు కూసున్నట్టు కూసుంది. నేను చేన్ల నుంచి ఇన్న. ఉరికొచ్చేసరికి నీళ్ళల్ల లారీ నెత్తి కనపడతంది. హరిబాబును మర్నాడు తీసిండ్రు. కేసు ఎవరి మీద పెట్టిండ్రు అనుకున్నవు? వాని మీదనే! బరువు మించి తోలినందుకు, పోయినోని మీద. సేట్ రాలే. వేరే లారీ కొన్నడంట.

ఊరు ఆమె మీద పడ్డది. నిన్నటి దాక టెంకాయ ముక్కలు తిన్న నోళ్ళే. లచ్చు వాళ్ళ నాయన ముంగట నిలబడి, "నువ్వే పంపినవు పిలగాణ్ణి, నీ దేవుడు ఏమయ్యిండు" అన్నడు. ఆ రోజు పేరు రాసిండ్రు అన్నది ఎవడు? నేను అడగలే. అడగాల్సింది.

రెండు దినాలాయె, ఆమె నా ఇంటికొచ్చింది. ఇన్నేండ్లకు. గడప బయట నిలబడ్డది. "మరిదీ, ఒకపాలి రా" అన్నది. పోయిన. బండ కాడికి తీస్కపోయింది. చూస్తే పసుపు లేదు. బూడిద, కొబ్బరి పీచు ఏసి రుద్దింది, గోళ్ళల్ల నెత్తురు. తెల్లగ అయింది బండ, మొదటి రోజు లెక్క. "చదువు" అన్నది. "నాకు అక్షరం రాదు, అంకె వస్తది" అన్న. "అదే చదువు." చదివిన. "పద్దెనిమిది టన్నులు." "హరిబాబు లారీ ఎంతుండె?" "దానికి రెండు పాళ్ళు మించి ఉంటది." అక్షరాల మీద ఏలు పెట్టి, "మరి మీ అన్న పేరు యాడుంది?" అన్నది. "లేదు" అన్న. "ఏడ గూడ లేదా?" "లేదు వదినా, మొదలే జెప్పిన గదా." ఉన్నదే జెప్పిన. లేనిది ఉందని నేను ఎన్నడన్న జెప్పిన్నా? అంకె అంకెనే. కాంటా కాడ గూడ నేను అంతే. నువ్వెందుకు అట్ల చూస్తవు?

అక్కణ్ణుంచి నా ఎంబడే వచ్చింది, కొట్టం ఎనకకు. మా అన్న రాయి ముంగట కూసుంది. చెయ్యి పెట్టి చూసి, "ఇంత చిన్నదా" అన్నది. గంతే. ఏడ్వలే. లేచి పోయింది. హోటల్ తియ్యలే మళ్ళ. తిండి తినలేదన్నరు, జరమన్నరు, కొత్తల పండుగ రాకముందే పోయింది. ఆమెకు ఎవరూ రాయి పెట్టలే. పిలగాణ్ణి మింగినదానికి రాయేంది అన్నరు. కొన్ని దినాలు ఆ బండను గూడ ఎవరూ చూడలే. ఇగ ఆ పక్కకు పైపులు ఏసి మట్టి రోడ్డు పోసిండ్రు, ఏటా వానకు కొట్టుకపోతది, ఏటా పోస్తరు. డ్రైవర్లు మారిండ్రు, కొత్తోళ్ళకు ఏం తెలుసు, మళ్ళ పసుపు పెట్టబట్టిండ్రు. వాళ్ళను చూసి ఊరోళ్ళు. ఇప్పుడు మా దేవుడు, కదిలిస్తే ఊకోం అంటుండ్రు. గదీ మీ దేవుడి కథ.

ఇప్పుడు కొత్త బ్రిడ్జి. నువ్వే జెప్పినవంట మొన్న ఊర్ల, లారీలు బరువైనయి గాబట్టి కాళ్ళు లోతుకు దించాలె, ఇనుము ఎక్కువ ఎయ్యాలె, ముందు అనుకున్న దానికి ఖర్చు చానా పెరిగిందని. మా ఊరి లోపలి వాగు మీద చిన్న బ్రిడ్జికి ఇస్తమన్న పైసలు గూడ దీంట్లనే కలిపేసిండ్రని లచ్చు జెప్పిండు. వానాకాలం మా పిల్లలు బడికి ఇప్పటికీ ఆ వాగు ఈదుకుంటనే పోతరు. సేట్ల బరువుకు మా చిన్న బ్రిడ్జి పోయింది. సరే, మా ఏడుపు మాది.

నన్ను పంచాయితీల నిలబడి చెప్పమంటున్నవు. సర్కారు బండ అని జెప్తే తీసి పక్కన పడేస్తరు, రోడ్డు సీదా పోతది. జెప్పకుంటే ఏమయితది? రోడ్డు వంపు తిప్పాలె, గట్టు పొయ్యాలె, ఇంకింత ఖర్చు. అంతేనా? నేను లెక్క తప్పని మనిషిని. ఇను. మా అన్న రాయి నా కొట్టం ఎనక ఉంది. మరి బ్రిడ్జి కాడ ఉన్నది ఎవరిది? సర్కారోళ్ళది అంటవా. సర్కారోళ్ళు దాన్ని ఒక్కపాలి కడిగిండ్రా? ఒక్కపాలి చదివిండ్రా? దాని మాట ఒక్క లారీ ముంగట అన్న జెప్పిండ్రా? గోళ్ళు పోయేటట్టు రుద్దింది ఎవరు? దినాం దాని పక్కన కూసుంది ఎవరు? పంచాయితీల నిలబడతా. నిలబడి, అది మా ఉప్పలమ్మ రాయి అని జెప్తా. దేవుడు గాదు, సర్కారు గాదు, మా ఇంటి మనిషి రాయి. లచ్చు నోరు తెరుస్తడా చూద్దాం. ఖర్చు పెరుగుతది అంటవా? పెరగనీ. సేట్ల బరువుకు అంత పెరిగింది, మా వదినకు ఇంత పెరిగితే ఏమాయె.

చీకటి పడక ముందే పో. పోయేటప్పుడు బ్రిడ్జి కాడ ఆగి, నీ మనుషులు ఏసిన ఆ ఎర్ర గుర్తు తుడిపిచ్చి పో. కిరసనాయిలు నా కాడ లేదు. నీ బండిల డీజిలే వాడుకో. ఏయ్, హేయ్! ఎవర్రా అక్కడ, ఆ మేకను తోలుండ్రా, చిక్కుడు పాదు అంతా మేసింది.